కండెన్స్‌డ్ మ్యాటరా, బయోఫిజిక్సా? గుంటూరు విద్యార్థిని ప్రశ్నకు జవాబు

గుంటూరులో ఎమ్మెస్సీ ఫిజిక్స్ రెండో సంవత్సరం చదువుతున్న ఒక అమ్మాయి ఇలా అడిగారు: "మాస్టారూ, నాకు పీహెచ్‌డీ చేయాలని ఉంది. కండెన్స్‌డ్ మ్యాటర్ ఫిజిక్స్‌లోను, బయోఫిజిక్స్‌లోను ఇప్పుడు ఏయే అంశాల మీద పరిశోధన జరుగుతోంది? బయోఫిజిక్స్ అసలు ఫిజిక్సే కాదని ఇంట్లో వాళ్లు అంటున్నారు. ఈ రెండింటిలో ఏది ఎంచుకోమంటారు?"

అమ్మా, ద్రవ స్ఫటికాల మీద పరిశోధన చేసి, ముప్పై ఏళ్లకు పైగా గుంటూరు, విజయవాడ కళాశాలల్లో పాఠాలు చెప్పినవాడిని కాబట్టి నా అభిప్రాయం ముందే చెప్పి, కారణాలు తర్వాత వివరిస్తాను. ఘన, ద్రవ పదార్థాల్లో అణువుల సామూహిక ప్రవర్తనను చదివేది కండెన్స్‌డ్ మ్యాటర్, జీవులను ఫిజిక్స్ నియమాలతో చదివేది బయోఫిజిక్స్. ఈ రెండు రంగాలూ అడిగే మూల ప్రశ్న ఒకటే. విడిగా ఉన్నప్పుడు ఏ అణువుకూ లేని గుణం, కోటానుకోట్ల అణువులు ఒకచోట చేరినప్పుడు ఎక్కడి నుంచి వస్తుంది? ఒక్క నీటి అణువుకు తడి లేదు, ఒక్క ఇనుము పరమాణువు తనంతట తాను శాశ్వత అయస్కాంతం కాలేదు, ఒక్క ప్రోటీన్‌కు ప్రాణం లేదు. సంఖ్య పెరిగితే పాత గుణమే పెద్దదవుతుందనుకోకూడదని, కొత్త నియమాలే పుట్టుకొస్తాయని భౌతికశాస్త్రవేత్త ఫిలిప్ ఆండర్సన్ 1972లో సైన్స్ పత్రికలో రాసిన వ్యాసం ఈ శాస్త్రానికంతటికీ పునాది వంటిది. కాబట్టి రంగం పేరు చూసి ఎంచుకోవద్దని, ఈ ప్రశ్న మీకు ఏ పదార్థంలో కంటికి ఆనుతుందో దాన్ని ఎంచుకోమని చెబుతాను. మన ప్రాంతంలో ఉండి మొదలుపెట్టేవారికి మాత్రం, ఈ రెండూ కలిసే చోట ఉన్న సాఫ్ట్ మ్యాటర్ (ద్రవ స్ఫటికాలు, జెల్‌ల వంటి మెత్తని పదార్థాల శాస్త్రం) వైపే నా మొగ్గు.

నేను చూసిన ఒక విషయంతో మొదలుపెడతాను. 5సీబీ అనే ద్రవ స్ఫటికం సుమారు 24 డిగ్రీల సెల్సియస్ నుంచి 35 డిగ్రీల దాకా పాలలా మబ్బుగా ఉంటుంది. పొడవాటి అణువులు కదులుతూనే ఒకే దిక్కుకు వరుసగా నిలబడే ఈ దశను నెమాటిక్ అంటారు. ఒక మే నెల మధ్యాహ్నం కరెంటు పోయి మా ప్రయోగశాల కొలిమిలా అయిపోయినప్పుడు, ఒక విద్యార్థి సీసా పట్టుకుని కంగారుగా వచ్చి, శాంపిల్ పాడైపోయిందని, ఎవరో నీళ్లు కలిపారని అన్నాడు. చూస్తే సీసాలో ద్రవం నిజంగానే నీళ్లంత తేటగా ఉంది. గది ఉష్ణోగ్రత 35 దాటింది కాబట్టి అణువులు వరుస తప్పాయి, అంతకుమించి జరిగిందేమీ లేదు. రాత్రి ఎనిమిది దాటి గది చల్లబడ్డాక అదే సీసా మళ్లీ మబ్బు పట్టింది. ఆ మార్పు నెమ్మదిగా రాదు. మైక్రోస్కోప్ కింద పెట్టి చూస్తే, డిగ్రీలో పదో వంతు తేడాకే రంగుల బొమ్మంతా ఒక్కసారిగా నల్లబడుతుంది. అంత కచ్చితంగా మారడానికి కారణం అణువుల సంఖ్యే. అవి కోటానుకోట్లు ఉండి, ఒకదాని మాట ఒకటి వింటాయి కాబట్టే ఒకే క్షణంలో తీర్మానానికి వస్తాయి. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, దీనికి సరిగ్గా ఎదురైనది ఒకటి జీవకణంలో ఉంది.

అది మన మిర్చి యార్డు చుట్టుపక్కల అందరికీ తెలిసినదే. మిరపకాయలకు తొడిమలు తీసే ఆడవాళ్లు సాయంత్రానికి చేతులు మంటలెత్తిపోతున్నాయంటారు. థర్మామీటర్ పెట్టి చూస్తే ఆ వేళ్లకు వేడేమీ పెరిగి ఉండదు. అయినా నిప్పుకూ మిరపకాయకూ మన భాష "మంట" అనే ఒకే మాట వాడుతుంది, ఆ మాట ఎంత సరైనదో 1997లో తేలింది. డేవిడ్ జూలియస్ బృందం నాడీకణాల త్వచంలో టీఆర్‌పీవీ1 అనే ఒక ప్రోటీన్‌ను గుర్తించింది. మిరపలోని క్యాప్సైసిన్ తగిలినా, సుమారు 43 డిగ్రీలకు మించిన వేడి తగిలినా ఇదే తలుపు తెరుచుకుంటుంది. తలుపు తెరుచుకుంటే కాల్షియం, సోడియం అయాన్లు లోపలికి వచ్చి నాడి మెదడుకు కబురు పంపుతుంది, వచ్చింది నిప్పో మిరపకాయో మెదడుకు తేడా తెలియదు. పక్షుల్లో ఇదే ప్రోటీన్ క్యాప్సైసిన్‌కు లొంగదు కాబట్టి చిలక మిరపపండును హాయిగా తినగలదు. జూలియస్‌కు 2021లో వైద్యశాస్త్ర నోబెల్ వచ్చింది, స్పర్శను, ఒత్తిడిని గుర్తించే ప్రోటీన్లను కనిపెట్టిన ఆర్డెమ్ పటాపూటియాన్ ఆ బహుమతిని పంచుకున్నారు.

ఇందులో ఫిజిక్స్ ఎక్కడుందని మీ ఇంట్లో అడిగితే ఈ లెక్క చూపించండి. సాధారణ ఎంజైము వేగం 10 డిగ్రీల వేడి పెరిగితే రెండు మూడు రెట్లు పెరుగుతుంది. టీఆర్‌పీవీ1 గుండా ప్రవాహం అదే 10 డిగ్రీలకు 20 రెట్లకు పైగా పెరుగుతుంది. మూసిన స్థితికీ తెరిచిన స్థితికీ మధ్య సమతాస్థితి ఉందనుకుని, ఉష్ణోగ్రతతో ఆ సమతాస్థితి ఎలా మారుతుందో చెప్పే వాంట్ హాఫ్ సమీకరణంలో 310, 320 కెల్విన్‌లు, 20 రెట్లు పెట్టి చూడండి. ఎంథాల్పీ తేడా, అంటే తలుపు తెరుచుకునేటప్పుడు తాగే వేడి, మోలుకు సుమారు 250 కిలోజౌళ్లు వస్తుంది, అంటే దాదాపు 100 కేటీ (కేటీ అంటే ఆ వేడిలో ఒక అణువు కుదుపుకు ఉండే శక్తి), అంటే కణానికి ఇంధనమైన ఏటీపీ అణువు ఒకటి విచ్ఛిన్నమైతే అందే శక్తికి సుమారు 5 రెట్లు. ఆ ఎంథాల్పీని దాదాపు పూర్తిగా ఎంట్రోపీ, అంటే అణువుల అస్తవ్యస్తత పెరగడం, కొట్టివేయాలి, లేకపోతే తలుపు ఎప్పుడూ మూసే ఉంటుంది లేదా ఎప్పుడూ తెరిచే ఉంటుంది. నా 5సీబీ సీసాలో కోటానుకోట్ల అణువులు ఉన్నాయి కాబట్టి మార్పు పదునుగా వచ్చింది. ఇక్కడున్నది నాలుగు భాగాలు కలిసిన ఒకే ఒక్క ప్రోటీన్, గణాంక భౌతికశాస్త్రం ప్రకారం ఇంత చిన్న వ్యవస్థలో మార్పు మొద్దుబారి ఉండాలి. మరి ఇంత పదును ఎక్కడిది, ఆ వేడిని ప్రోటీన్‌లో ఏ భాగం తాగుతోంది? 2013లో, గడ్డకట్టించిన అణువులను ఎలక్ట్రాన్లతో చూసే క్రయో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపీతో యిఫాన్ చెంగ్, జూలియస్ బృందాలు దీని నిర్మాణాన్ని 3.4 ఆంగ్‌స్ట్రామ్‌ల (దాదాపు పరమాణువుల స్థాయి) స్పష్టతతో చూపించాయి, క్యాప్సైసిన్ కూర్చునే చోటు దొరికింది, కానీ వేడి కూర్చునే చోటంటూ ఒకటి దొరకలేదు. తలుపు తెరుచుకునేటప్పుడు, నీటికి ముఖం చాటేసే అమైనో ఆమ్లాలు నీటికి ఎదురుపడతాయని, అందువల్ల ప్రోటీన్ ఉష్ణధారణ శక్తి మారుతుందని 2011లో క్లాఫమ్, మిల్లర్‌లు ప్రతిపాదించారు. అది ఒక ఊహాచిత్రం, తుది తీర్పు ఇంకా రాలేదు. గుంటూరు పిల్ల పీహెచ్‌డీకి ఇంతకంటే సొంత ప్రశ్న ఉంటుందా అని నాకు అనిపిస్తుంది.

ఇక కణంలోపలికి వెళితే, గత పదిహేనేళ్లలో అందరినీ ఆకర్షించిన విషయం బొట్లు. కణంలో గోడలూ త్వచాలూ లేకుండానే కొన్ని ప్రోటీన్లు, ఆర్‌ఎన్‌ఏలు ఒకచోట ఎలా గుమిగూడుతాయన్నది చాలాకాలం చిక్కుముడిగా ఉండేది. 2009లో క్లిఫర్డ్ బ్రాంగ్విన్, ఆంటనీ హైమన్, ఫ్రాంక్ యూలిషర్ బృందం ఒక చిన్న నులిపురుగు పిండంలోని గుంపులను గమనించి, అవి నూనె బొట్లలాగా ఒకదానిలో ఒకటి కలిసిపోతున్నాయని, సాగుతున్నాయని, కారుతున్నాయని చూపించింది. అంటే అవి ద్రవాలు. పులుసు మీద నూనె విడిపోయి తేలడానికి మనం ఏ సమీకరణాలు రాస్తామో, స్థూలంగా అవే సమీకరణాలు ఇక్కడా మొదలవుతాయి. కష్టం ఆ తర్వాత వస్తుంది. కణం సమతాస్థితిలో లేదు, నిరంతరం ఇంధనం ఖర్చు చేస్తోంది, అలాంటి చోట బొట్టు ఎంత పెరగాలో ఎవరు నిర్ణయిస్తున్నారు? ఆ బొట్లు కొన్నిసార్లు పాలు తోడుకున్నట్టు గట్టిపడతాయి. ఎఫ్‌యూఎస్ అనే ప్రోటీన్‌లో, కండరాలను చచ్చుపడేసే ఏఎల్‌ఎస్ నాడీవ్యాధికి కారణమయ్యే మార్పులు ఉంటే బొట్టు త్వరగా గట్టిపడుతుందని 2015లో చూశారు. ద్రవం జెల్‌గా ఎప్పుడు మారుతుందన్న ప్రశ్న ఫిజిక్స్‌లో చాలా పాతదే, దాని మీద ఒక మనిషి కండరాలు ఆధారపడి ఉన్నాయని తెలిశాక ఆ పాత ప్రశ్న బరువు మారిపోతుంది.

ఇక్కడే మన యల్లాప్రగడ సుబ్బారావు గారిని తలచుకోవాలి. భీమవరంలో పుట్టి, 1929లో సైరస్ ఫిస్క్‌తో కలిసి కండరాల నుంచి ఏటీపీని వేరుచేసినవారిలో ఆయన ఒకరు. ఏటీపీ అంటే కణానికి ఇంధనమని మనం పాఠం చెప్పుకుంటూ వచ్చాం. కానీ ఇంధనంగా అవసరమైన దానికంటే చాలా ఎక్కువ ఏటీపీని కణం ఎందుకు నిల్వ ఉంచుకుంటుందన్నది తేలలేదు. 2017లో హైమన్ బృందం ఒక జవాబు ఇచ్చింది. ప్రోటీన్లు గడ్డకట్టకుండా కరిగి ఉండటానికి కూడా ఏటీపీ తోడ్పడుతుందని, నూనె జిడ్డును నీటిలో కలిపే పదార్థంలాగా పనిచేస్తుందని వారు చూపారు. తొంభై ఏళ్ల కిందట ఒక తెలుగువాడి చేతిలో బయటపడిన అణువుకు రెండో ఉద్యోగం ఉందని తెలిసిన రోజున నేను ఆ పేపరును తరగతికి తీసుకెళ్లి చదివి వినిపించాను.

సాయంత్రం ప్రకాశం బ్యారేజీ మీదుగా గూళ్లకు మళ్లే పక్షుల గుంపును చూసే ఉంటారు. ఎవరూ నాయకుడు లేకుండా అవన్నీ ఒక్కసారిగా ఎలా తిరుగుతాయి? 1995లో తమాష్ విచెక్ ఒక సులువైన నమూనా ఇచ్చారు. ప్రతి పక్షీ తన చుట్టూ ఉన్నవాటి సగటు దిక్కుకు తిరుగుతుంది, కొంచెం పొరపాటు పడుతుంది. అంతే. పొరపాటు తక్కువైతే గుంపంతా ఒకే దారి పడుతుంది. చదునైన తలంలో (రెండు డైమెన్షన్లలో), సమతాస్థితిలో, అన్ని దిక్కులూ సమానమైన చోట అందరూ ఒకే దిక్కును ఎంచుకుని ఎంత దూరమైనా వరుస తప్పకుండా ఉండటం (నిరంతర సౌష్ఠవ భంగం) కుదరదని మెర్మిన్, వాగ్నర్‌ల సిద్ధాంతం చెబుతుంది, అయినా ఎగిరే గుంపు ఆ నిషేధాన్ని దాటగలదని 1995లోనే జాన్ టోనర్, యుహై టూ లెక్కకట్టారు. నిలబడి ఉన్న అయస్కాంతానికి వర్తించే నియమం నడిచే గుంపుకు వర్తించదు. తమ శక్తిని తామే ఖర్చు చేస్తూ కదిలేవాటి గుంపులను చదివే, యాక్టివ్ మ్యాటర్ అనే ఈ రంగంలో బెంగళూరు ఐఐఎస్సీకి చెందిన శ్రీరామ్ రామస్వామి పేరు తప్పకుండా వస్తుంది. ఈదే జీవులు నిండిన ద్రవంలో ఒకే దిక్కుకు ఏర్పడిన క్రమం తనంతట తానే చెదిరిపోతుందని ఆయన, అదితి సింహ 2002లో చూపించారు. నాకు మరీ దగ్గరైనది దీని తర్వాతి అధ్యాయం. ద్రవ స్ఫటికంలో అణువుల వరుసలు కలవని చోట లోపాలు ఏర్పడతాయి, మైక్రోస్కోప్ కింద నల్లటి కుచ్చుల్లా కనిపించే వాటిని ఏళ్ల తరబడి చూశాను. 2017లో ఒక బృందం కుక్క మూత్రపిండం నుంచి తీసిన కణాల పొరను పరిశీలించి, ఆ కణాలు కూడా నెమాటిక్‌లాగే వరుసలు కడతాయని, అదే రకపు లోపం ఉన్న చోట ఒత్తిడి పెరిగి కణాలు చనిపోయి బయటకు నెట్టబడతాయని చూపించింది. నేను చూసిన ఆ నల్లటి కుచ్చులే ప్రాణమున్న కణజాలంలో ఏ కణం పోవాలో తేలుస్తున్నాయి.

ప్రోటీన్ల నిర్మాణం సంగతి త్వరగా చెప్పేస్తాను. 1963లో మద్రాసులో జి.ఎన్. రామచంద్రన్, రామకృష్ణన్, శశిశేఖరన్ వేసిన, ప్రోటీన్ గొలుసు ఏ కోణాల్లో వంగగలదో చూపే పటం ఇప్పటికీ ప్రతి నిర్మాణానికీ గీటురాయి. 2020లో ఆల్ఫాఫోల్డ్ అనే కృత్రిమ మేధ ప్రోగ్రామ్ అమైనో ఆమ్లాల వరుసను చూసి ప్రోటీన్ ఆకారం చెప్పగలిగింది, 2024 రసాయనశాస్త్ర నోబెల్ దానికీ, డేవిడ్ బేకర్ ప్రోటీన్ రూపకల్పనకూ దక్కింది. అది పూర్తయిన సమస్య అనుకోవద్దు. ఆకారం తెలిసినంత మాత్రాన అది ఏ దారిన మడతపడిందో తెలియదు, స్థిరమైన ఆకారమే లేని ప్రోటీన్లు ఎన్నో ఉన్నాయి, పైన చెప్పిన బొట్లలో పనిచేసేవి ఎక్కువగా అవే.

కఠిన పదార్థాల వైపు అందం తక్కువేమీ కాదు. మంగళగిరి నూలు వస్త్రాన్ని రెండు పొరలుగా వెలుతురుకు ఎదురుగా పట్టుకుని, పై పొరను కాస్త తిప్పి చూడండి. దారాల అల్లికలో లేని పెద్ద పెద్ద అలలు కనిపిస్తాయి, తిప్పే కోణం తగ్గించే కొద్దీ ఆ అలలు పెద్దవవుతాయి. దాన్ని మొయిరే అంటారు. ఒకే పరమాణువు మందం ఉండే కార్బన్ పొరలను గ్రాఫీన్ అంటారు, అలాంటివి రెండింటిని 1.1 డిగ్రీల కోణంలో పేర్చితే, 0.246 నానోమీటర్ల అల్లిక మీద సుమారు 13 నానోమీటర్ల అల పుడుతుంది. అల్లిక పొడవును రేడియన్లలోని కోణంతో భాగించండి, మీకే వస్తుంది. ఆ పెద్ద అలలో ఎలక్ట్రాన్లు మందగించి, ఒకదాన్నొకటి పట్టించుకోవడం మొదలుపెడతాయి. 2018లో పాబ్లో జారియో హెరేరో బృందం అక్కడ 1.7 కెల్విన్‌ల దగ్గర అతివాహకతను, అంటే ఏ నిరోధమూ లేకుండా విద్యుత్తు పారడాన్ని, చూసింది. రెండు ఒంటి పొరల్లో దేనికీ లేని గుణం, పేర్చిన కోణం వల్ల వచ్చింది. మెలితిప్పిన మాలిబ్డినం టెల్యురైడ్‌లో 2023లో అయస్కాంత క్షేత్రం లేకుండానే భిన్న క్వాంటం హాల్ స్థితులు (ఎలక్ట్రాన్ ఆవేశంలో కొంత భాగమే మోసే కణాలు ఉన్నట్టు ప్రవర్తించేవి) కనిపించాయి. ఆల్టర్‌మాగ్నెట్‌లు అనే కొత్త జాతి అయస్కాంతాలు 2022 నుంచి చర్చలో ఉన్నాయి. మొత్తం అయస్కాంతత్వం సున్నా అయినా, స్పిన్‌ను (ఎలక్ట్రాన్‌కు సహజంగా ఉండే అయస్కాంత గుణాన్ని) బట్టి ఎలక్ట్రాన్ శక్తులు విడిపోతాయి. ఇది పూర్తిగా స్ఫటిక సౌష్ఠవంలోంచి పుట్టిన ఊహ. స్ఫటికాలకు సౌష్ఠవాల గణితమైన గ్రూపు సిద్ధాంతాన్ని వర్తింపజేసిన కృష్ణా జిల్లా భౌతికశాస్త్రవేత్త సూరి భగవంతం గారి మార్గంలో నడిచినవారికి ఇది పరాయి భాషలా ఉండదు.

అతివాహకత విషయంలో ఒక హెచ్చరిక చెప్పక తప్పదు. 1987లో ద్రవ నైట్రోజన్ ఉష్ణోగ్రత 77 కెల్విన్‌లను దాటిన రాగి ఆక్సైడ్లు ఎందుకు అలా ప్రవర్తిస్తాయన్నది ఇప్పటికీ అందరూ ఒప్పుకున్న జవాబు లేని ప్రశ్న. 2019లో లాంథనమ్ హైడ్రైడ్ 170 గిగాపాస్కల్‌ల ఒత్తిడిలో 250 కెల్విన్‌ల దగ్గర అతివాహకమైంది, 2023లో ఒక నికెల్ ఆక్సైడ్ ఒత్తిడిలో 80 కెల్విన్‌ల దాకా వచ్చింది. ఇవి గట్టి ఫలితాలు. గది ఉష్ణోగ్రతలోనే సాధించామన్న రెండు పేపర్లను నేచర్ పత్రిక 2022, 2023లలో వెనక్కి తీసుకుంది. 2023లో గది ఉష్ణోగ్రతలోనే అతివాహకమన్న వాదనతో గొడవ రేపిన ఎల్‌కే99 అనే పదార్థాన్ని, ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలతో సహా అనేక చోట్ల మళ్లీ చేసి చూసి, కొద్ది వారాల్లోనే అది అతివాహకం కాదని తేల్చారు. దానిలో కలిసి ఉన్న కాపర్ సల్ఫైడ్ దశ మారడమే నిరోధం పడిపోవడానికి కారణం. వార్త చూసి రంగం ఎంచుకునేవారు ఈ వారాలను గుర్తుంచుకోవాలి.

అమరావతిలో ఐబీఎం 156 క్యూబిట్ల క్వాంటం కంప్యూటర్‌ను నెలకొల్పుతామని 2025లో ప్రకటించారు కదా, మీ స్నేహితులంతా దాని గురించే మాట్లాడుతూ ఉంటారు. క్యూబిట్ అంటే క్వాంటం కంప్యూటర్‌లో సమాచారపు అతి చిన్న మూలకం. ఆ క్యూబిట్‌కు గుండెకాయ, అల్యూమినియం పొరల మధ్య పలుచటి ఆక్సైడ్ ఉన్న జోసెఫ్‌సన్ సంధి, అతి శీతల స్థితిలో పనిచేసే కండెన్స్‌డ్ మ్యాటర్ వస్తువు. అలాంటి వలయాల్లో క్వాంటం ప్రవర్తనను 1980లలో చూపించినందుకే క్లార్క్, డెవోరే, మార్టినిస్‌లకు 2025 నోబెల్ వచ్చింది. క్యూబిట్ తన స్థితిని త్వరగా మరచిపోవడానికి ఒక ముఖ్య కారణం ఆ ఆక్సైడ్ పొర గాజులాగా క్రమం లేకుండా ఉండటం. అందులోని కొన్ని పరమాణువులు రెండు స్థానాల మధ్య ఊగిసలాడుతూ శక్తిని దొంగిలిస్తాయి. గాజు పదార్థాల్లో ఇలాంటి రెండు స్థాయిల వ్యవస్థలు ఉన్నాయని 1972లోనే ఊహించారు. దీన్ని ప్రత్యేకంగా ఎందుకు చెబుతున్నానంటే, నాగార్జున విశ్వవిద్యాలయంతో మొదలుపెట్టి మన ప్రాంతంలో గాజు పదార్థాల మీద చాలాకాలంగా పని జరుగుతోంది. నేను పరీక్షకుడిగా చదివిన కొన్ని థీసిస్‌లు నన్ను బాధపెట్టాయి. ఒక ఆక్సైడ్ శాతం మార్చి, అవే పది కొలతలు తీసి, అవే పట్టికలు వేసి ముగించారు, పిల్లల తెలివికి లోటు లేదు, వారికి ప్రశ్న ఇచ్చినవారు లేరు. గాజుగా మారేటప్పుడు ద్రవం, నిర్మాణంలో చెప్పుకోదగ్గ మార్పు లేకుండానే ఎందుకు పారడం మానేస్తుందన్నది మన రంగంలోని అతి లోతైన ప్రశ్నల్లో ఒకటి. ఆ గాజు పదార్థాలనే ఆ ప్రశ్న అడగండి.

బయోఫిజిక్స్ ఫిజిక్స్ కాదన్న మాటకు జాన్ హాప్‌ఫీల్డ్ జీవితమే జవాబు. ఆయన ఘనపదార్థాల సిద్ధాంతంతో మొదలుపెట్టి, కణం తన తప్పులను శక్తి ఖర్చుపెట్టి ఎలా సరిదిద్దుకుంటుందో 1974లో లెక్కగట్టారు. 1982లో క్రమం లేని అయస్కాంతాల నమూనాతో జ్ఞాపకశక్తిని వివరించారు. 2024లో ఆయనకు ఇచ్చింది ఫిజిక్స్ నోబెలే.

చివరగా ఆచరణ సంగతి. మిల్లీకెల్విన్ ప్రయోగాలు చేయాలంటే పెద్ద సంస్థకే వెళ్లాలి, అందుకు నెట్, గేట్, జెస్ట్ పరీక్షలు మూడూ రాయండి. హైదరాబాద్‌లో టీఐఎఫ్‌ఆర్, కేంద్రీయ విశ్వవిద్యాలయం, సీసీఎంబీ, బెంగళూరులో ఐఐఎస్సీ, ఎన్‌సీబీఎస్, రామన్ పరిశోధన సంస్థ, తిరుపతిలో ఐసర్ మీరు చూడవలసినవి. దరఖాస్తు చేసే ముందు మార్గదర్శి ఇటీవలి పేపర్లు రెండు చదివి, అందులో అర్థం కాని ఒక వాక్యాన్ని పట్టుకుని వారికి రాయండి, పొగడ్తలు రాయొద్దు. చదువులో గణాంక భౌతికశాస్త్రాన్ని మాత్రం మళ్లీ మొదటి నుంచి చేయండి, జీవశాస్త్రం అవసరమైనంత మేరకు దారిలో వస్తుంది. మీ మొగ్గు ఎటో తెలుసుకోవడానికి వచ్చే సెలవుల్లో పైథాన్‌లో విచెక్ నమూనా రాయండి, వంద లైన్లు దాటదు, మామూలు ల్యాప్‌టాప్ చాలు. 300 పక్షులతో మొదలుపెట్టి, పొరపాటు పరిమాణాన్ని కొంచెం కొంచెంగా పెంచుతూ సగటు దిక్కు ఎక్కడ పడిపోతుందో గ్రాఫు గీయండి. తర్వాత పక్షులను 300, 1000, 3000 చేసి, సాంద్రత మారకుండా గది పరిమాణం కూడా పెంచి, ఆ పడిపోవడం ఎంత పదునెక్కుతోందో చూడండి. ఆ గ్రాఫు నాకు పంపండి, మిరప తలుపు గురించి అప్పుడు ఇంకొంచెం మాట్లాడుకుందాం.